ఢిల్లీ దుకాణంలో దొరికిన హిందోళం: సింథసైజర్‌లో స్వరం ఎలా పుడుతుంది?

2002లో నెదర్లాండ్స్‌కు చెందిన రికార్డుల సేకర్త ఎడో బౌమన్‌కు ఢిల్లీలోని ఒక దుకాణంలో పాత గ్రామఫోన్ రికార్డు ఒకటి దొరికింది. పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. వాయించినది చరణ్‌జిత్ సింగ్. బొంబాయి హిందీ సినిమా పాటలకు ఏళ్ల తరబడి వాద్య సహకారం అందించిన సంగీతకారుడాయన. 1982లో రికార్డు చేసిన ఈ ఆల్బమ్ బజారులోకి వచ్చిన కొత్తలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బౌమన్ దాన్ని విని ఆశ్చర్యపోయాడు. 2010లో మళ్ళీ విడుదల చేశాడు.

అసలు చర్చ అప్పుడు మొదలైంది. 1987లో అమెరికాలోని షికాగో నగరంలో 'యాసిడ్ హౌస్' అనే నృత్య సంగీతం పుట్టిందని సంగీత చరిత్రకారుల మాట. కీచుమంటూ, బుడబుడమంటూ, ఎవరో నోరు తెరిచి మూస్తున్నట్టు వినిపించే బేస్ నాదం దాని ముఖ్య లక్షణం. సరిగ్గా అదే నాదం అంతకు ఐదేళ్ల ముందు బొంబాయిలో, అదీ మాల్‌కౌంస్, యమన్, భూపాలీ రాగాల వెనుక ఎలా వినిపించింది? ఈ కాలపు కళాకారుడెవరో పాత రికార్డు అని నమ్మించడానికి చేసిన పని కాదు కదా అని కొందరు అనుమానించారు కూడా.

అనుమానం అక్కర్లేదు. ఈ చిక్కుముడికి జవాబు సంగీత చరిత్రలో కన్నా విద్యుత్ వలయాల్లోనే తేలికగా దొరుకుతుంది. సింగ్ వాడినవి జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ తయారుచేసిన మూడు పరికరాలు: జూపిటర్-8 అనే కీబోర్డు, టీబీ-303 అనే చిన్న బేస్ యంత్రం, టీఆర్-808 అనే తాళ యంత్రం. మూడూ అనలాగ్ సింథసైజర్లే. వాటి లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ రికార్డు ఎందుకలా మోగిందో కూడా తెలుస్తుంది.

ముందు కావలసినది ముడి నాదం

వీణలో తీగ కంపిస్తుంది, వేణువులో గాలి కంపిస్తుంది. అనలాగ్ సింథసైజర్‌లో కంపించేది వోల్టేజి. అది పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊపును స్పీకర్ గాలిలోకి పంపుతుంది. వోల్టేజిని ఇలా ఊపే వలయాన్ని ఆసిలేటర్ అంటారు. సెకనుకు 220 సార్లు ఊగితే 220 హెర్ట్జ్ స్వరం, 440 సార్లు ఊగితే దాని పై స్థాయి స్వరం.

ఆసిలేటర్ పని చేసే తీరు చాలా సాదా. కెపాసిటర్‌లోకి విద్యుత్తును నిలకడగా పంపుతూ పోతే దాని వోల్టేజి తిన్నగా పెరుగుతుంది. ఒక హద్దు చేరగానే దాన్ని ఠక్కున ఖాళీ చేస్తారు. మళ్ళీ నింపుతారు. కుళాయి కింద పెట్టిన చెంబు నిండగానే ఎవరో బోర్లించి, మళ్ళీ అక్కడే పెడుతున్నట్టన్నమాట. ఇలా నెమ్మదిగా ఎక్కి ఒక్కసారిగా పడే వోల్టేజిని గీసి చూస్తే రంపపు పళ్ళలా ఉంటుంది. అందుకే దానికి రంపపు పళ్ళ తరంగం అని పేరు. కుళాయి ఎక్కువ తిప్పితే చెంబు త్వరగా నిండుతుంది, స్వరం పైకి పోతుంది.

ఆ తరంగం ఆకారం ఎందుకంత ముఖ్యం? ఎంత వంకర టింకరగా ఉన్న ఆవర్తన తరంగాన్నయినా నున్నని సైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చని ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫోరియర్ చూపించాడు. ఆ సైన్ తరంగాలు అసలు పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్లు... అలా పూర్ణసంఖ్యల వరసలో ఉంటాయి. వీటినే అనుస్వరాలు అంటారు. 110 హెర్ట్జ్ రంపపు తరంగంలో 110తో పాటు 220, 330, 440, 550 అన్నీ ఉంటాయి. రెండో దాని బలం సగం, మూడో దానిది మూడో వంతు, అలా తగ్గుతూ పోతాయి. చతురస్ర తరంగంలో బేసి సంఖ్యవే ఉంటాయి: 110, 330, 550. అందుకే అది కాస్త డొల్లగా, క్లారినెట్‌ను గుర్తుచేసేలా మోగుతుంది. త్రిభుజ తరంగంలోనూ బేసివే, కానీ చాలా బలహీనంగా. సైన్ తరంగంలో అనుస్వరాలే లేవు. వేణువు మంద్రంగా పలికినప్పుడు దానికి కొంత దగ్గరగా ఉంటుంది.

శ్రుతి పెట్టిన తంబూర దగ్గర కూర్చున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. షడ్జమం తీగ మీటితే, ఎవరూ వాయించని అంతర గాంధారం పైనెక్కడో లీలగా వినిపిస్తుంది. అది ఐదో అనుస్వరం. తంబూర మేరువు మీద పెట్టే జీవాళి దారం వల్ల ఇవి ఎలా పుష్టిగా పుడతాయో సి.వి.రామన్ 1921లోనే ఒక పరిశోధన పత్రంలో చర్చించారు. తీగను ఎక్కడ మీటితే ఏ అనుస్వరాలు ఉండకూడదని అప్పటి సిద్ధాంతం చెప్పిందో, తంబూరలో అవి కూడా గట్టిగా వినిపించడం ఆయనను ఆకర్షించింది.

సింథసైజర్‌లో మరో ముడిసరుకు రొద, అంటే నాయిస్. అన్ని పౌనఃపున్యాలూ కలగాపులగంగా ఉన్న 'స్‌స్‌స్' చప్పుడు. స్వరం కాదు. కానీ తాళపు దెబ్బకు, గాలి హోరుకు అదే ఆధారం.

కోత పెట్టే ఫిల్టర్

రంపపు తరంగాన్ని ఉన్నదున్నట్టు వింటే ఈగ ముసిరినట్టుంటుంది. దాన్ని చెక్కాలి. శిల్పి రాయిలోంచి అక్కర్లేనిది తీసేసినట్టు, అనుస్వరాల్లోంచి అక్కర్లేనివి తీసేయడమే అనలాగ్ సింథసైజర్ల ప్రధాన పద్ధతి. ఆ పని చేసేది ఫిల్టర్.

ఎక్కువగా వాడేది లో-పాస్ ఫిల్టర్. కింది పౌనఃపున్యాలను పోనిచ్చి, పైవాటిని ఆపుతుంది. ఎక్కడి నుంచి ఆపాలో నిర్ణయించే గీతను కటాఫ్ అంటారు. కటాఫ్ 400 హెర్ట్జ్ దగ్గర ఉంటే మన 110 హెర్ట్జ్ నాదంలో 110, 220, 330 దాదాపు మిగులుతాయి. 440 నుంచి పైవి బలహీనపడుతూ పోతాయి. ఇది గోడ కాదు, వాలు. అమెరికా ఇంజనీరు రాబర్ట్ మూగ్ 1960లలో రూపొందించిన ప్రసిద్ధ ఫిల్టర్‌లో ట్రాన్సిస్టర్ల జంటలు నిచ్చెన మెట్లలా నాలుగు దశల్లో ఉంటాయి. కటాఫ్ దాటాక పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని కంపన పరిమితి సుమారు పదహారో వంతుకు పడిపోతుంది.

ఫిల్టర్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. ఒకే శ్రుతి మీద 'ఆ' అంటూ, ఆపకుండా 'ఊ'కి మారండి. గొంతులో స్వరతంత్రులు చేసే ముడి నాదం మారలేదు. నోటి ఆకారం మారింది. పెదవులు దగ్గరయ్యేకొద్దీ పై అనుస్వరాలు తగ్గి నాదం మసకబారింది. మన అచ్చులన్నీ ఇలా ఫిల్టర్ చేసిన ముడి నాదాలే.

ఇప్పుడు అసలు దినుసు: రెజొనెన్స్, అంటే అనునాదం. ఫిల్టర్ నుంచి బయటికి వచ్చిన ధ్వనిలో కొంత భాగాన్ని మళ్ళీ లోపలికే తిప్పి పంపితే కటాఫ్ దగ్గర ఉన్న పౌనఃపున్యం ఒక్కటే ఉబ్బుతుంది. ఉయ్యాలను దాని లయ తెలిసి నెట్టినట్టే. ఎక్కువ చేస్తే ఫిల్టర్ తనంతట తానే ఈల వేయడం మొదలుపెడుతుంది. పెళ్ళి మండపంలో మైకును స్పీకరు ముందుకు తీసుకెళ్తే వచ్చే కూత కూడా ఇదే జాతి.

రెజొనెన్స్ బాగా పెంచి, కటాఫ్‌ను పైకీ కిందికీ జరిపితే ఏమవుతుంది? ఉబ్బిన శిఖరం ఒక్కొక్క అనుస్వరం మీదుగా నడుస్తుంది. అడుగు స్వరం కదలదు, దాని పైనున్న అనుస్వరాలు ఒకటి తర్వాత ఒకటి వెలిగి ఆరిపోతుంటాయి. 'వావ్' అన్నట్టు, నోరు తెరిచి మూసినట్టు వినిపించేది ఇదే. టీబీ-303లో ఉన్నది ఒకే ఒక్క ఆసిలేటరు, ఒకే ఒక్క ఫిల్టరు. ఆ ఫిల్టర్‌ను తిప్పడానికి కటాఫ్, రెజొనెన్స్ అనే గుండీలు పక్కపక్కనే ఉంటాయి. బేస్ గిటార్ వాయించేవాడు లేనప్పుడు పనికొస్తుందని కంపెనీ దాన్ని అమ్మింది. గిటార్‌లా అది ఎప్పుడూ మోగలేదు. అమ్మకాలు లేక 1984లో ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ పెట్టెలే షికాగో కుర్రాళ్ల చేతుల్లో పడ్డాయి.

కాబట్టి బొంబాయి, షికాగోల పోలిక యాదృచ్ఛికమూ కాదు, ఒకరి నుంచి ఒకరు తీసుకున్నదీ కాదు. అదే ఫిల్టర్, అవే గుండీలు. సింగ్ యాసిడ్ హౌస్‌ను 'కనిపెట్టాడు' అని రాసేవారు కొంచెం ఎక్కువ చెబుతున్నట్టే. అయితే కొత్త పెట్టెలో ఏ చప్పుడు దాగి ఉందో ముందుగా విని, దాన్ని దాచకుండా రికార్డులో పెట్టినవాడు ఆయన. ఆ ఘనత చిన్నదేమీ కాదు.

ఇంకో మాట. అడుగు స్వరం నిలిచి ఉండగా పైన అనుస్వరాల బలాబలాలు మారుతూ ఉండడం తంబూర విన్న చెవికి బాగా అలవాటైన విషయం. కారణాలు వేరు: అక్కడ వంపు తిరిగిన మేరువు, ఇక్కడ తిప్పి పంపిన వోల్టేజి. అయినా చెవికి అందే సంగతి చుట్టరికం ఉన్నదే. రాగం వెనుక 303 అంత పరాయిగా అనిపించకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

దెబ్బ, నిలకడ, విరామం

వీణ, వయొలిన్ ఒకే స్వరం పలికినా తేడా వెంటనే తెలుస్తుంది. అందులో అనుస్వరాల పాత్ర కొంతే. మిగతాది శబ్దం ఎలా మొదలై ఎలా ముగుస్తుందన్నది. వీణ మీటగానే శిఖరానికి చేరి మెల్లగా తగ్గుతుంది. కమాను మీద స్వరం మెల్లగా ఉబ్బి, లాగినంతసేపూ నిలబడుతుంది. 1948లో ఫ్రాన్స్‌లో పియేర్ షాఫేర్ గంట శబ్దాన్ని రికార్డు చేసి, కొట్టిన మొదటి క్షణాన్ని తీసేసి వినిపించాడు. అది గంటలా మోగడం మానేసింది.

సింథసైజర్‌లో ఈ ఆకారాన్ని ఇచ్చేది ఎన్వలప్. మీట నొక్కగానే ఒక వోల్టేజి ముందే నిర్ణయించిన దారిలో లేచి పడుతుంది. ఆ దారిలో నాలుగు మలుపులు. ఎంతసేపట్లో శిఖరానికి చేరాలో అటాక్ చెబుతుంది, అక్కడి నుంచి ఎంతసేపట్లో దిగాలో డికే చెబుతుంది. మీట నొక్కి ఉంచినంతసేపు ఏ మట్టంలో నిలవాలన్నది సస్టెయిన్, వదిలాక ఎంతసేపట్లో ఆరిపోవాలన్నది రిలీజ్. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా పొరబడేది సస్టెయిన్ దగ్గర. మిగతా మూడూ కాలాలు, అదొక్కటే మట్టం. అటాక్ సున్నా, సస్టెయిన్ సున్నా పెడితే మీటిన తీగ. అటాక్ పెంచి సస్టెయిన్ నిండుగా పెడితే కమాను.

ఈ వోల్టేజిని వాల్యూమ్‌ను నియంత్రించే యాంప్లిఫయర్‌కు ఇవ్వవచ్చు, ఫిల్టర్ కటాఫ్‌కూ ఇవ్వవచ్చు. 303లో రెండోది కూడా జరుగుతుంది. ప్రతి స్వరానికీ ఫిల్టర్ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. బుడబుడ శబ్దం అక్కడిదే.

808 కథ కొంచెం వేరు. దాని పెద్ద డోలు దెబ్బ వెనుక, ఒక్కసారి నెట్టి వదిలేసిన ఉయ్యాలలాంటి వలయం ఉంది. 50 హెర్ట్జ్‌కు అటూఇటూగా ఊగుతూ ఆగిపోతుంది (మన కరెంటు కూడా 50 హెర్ట్జే, అందుకే ఎర్తింగ్ సరిగా లేని యాంప్లిఫయర్ గుయ్‌మనే చోటికి ఈ డోలు చాలా దగ్గర). దాని తాళాల గలగల మాత్రం ఒకదానితో ఒకటి పొంతన లేని ఆరు చతురస్ర తరంగాలను కలిపి, పై భాగాన్ని మాత్రమే మిగిల్చి చేసినది.

పట్టుకుని కుదిపే మరో చేయి ఎల్‌ఎఫ్‌ఓ. అదీ ఆసిలేటరే, కానీ సెకనుకు ఐదారు సార్లో, అంతకన్నా తక్కువో ఊగుతుంది. నేరుగా వినలేం. దాన్ని స్వరానికి కలిపితే స్వరం వణుకుతుంది, వాల్యూమ్‌కు కలిపితే ధ్వని ఎగసిపడుతుంది. దీన్నే గమకం అనుకుంటే తప్పు. కంపితంలో వేగం, వెడల్పు రాగాన్ని బట్టి, పక్క స్వరాన్ని బట్టి మారతాయి. ఎల్‌ఎఫ్‌ఓకు రాగం తెలియదు. గమకానికి దగ్గరగా వచ్చేది స్వరం నుంచి స్వరానికి జారే గ్లైడ్, అది కూడా వాయించేవాడి చేయి మంచిదైతేనే.

ఒక వోల్టు, ఒక స్థాయి

మూగ్ యంత్రాల అసలు గొప్పతనం ప్రతి భాగమూ మరో భాగం మాట వినడం. ఆసిలేటర్, ఫిల్టర్, యాంప్లిఫయర్ మూడూ వోల్టేజి చెప్పినట్టు నడుస్తాయి. ఏ తీగ ఎక్కడికి కలపాలన్నది వాయించేవాడి ఇష్టం. ఆ కలయికనే ప్యాచ్ అంటారు. ఇలాంటి మూగ్ యంత్రం ఒకటి 1969లోనే భారతదేశానికి వచ్చింది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దానితో ఒక స్టూడియో నెలకొల్పాడు. గీతా సారాభాయి, అతుల్ దేశాయి, జిన్‌రాజ్ జోషీపురా వంటి వారు అక్కడ ప్రయోగాలు చేశారు. ఆ టేపులు సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. బ్రిటన్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీశాక 2023లో రికార్డుగా వచ్చాయి. చరణ్‌జిత్ సింగ్ రికార్డు కన్నా ఇవి పదేళ్లకు పైగా ముందువి.

మూగ్ పెట్టిన లెక్క ప్రకారం వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. పన్నెండు స్వరస్థానాలకు ఒక వోల్టును పంచితే ఒక్కో దానికి సుమారు 83 మిల్లీవోల్టులు. కీబోర్డు ఆ మెట్లనే ఇస్తుంది. వలయం మాత్రం మెట్లను అడగదు. 220 హెర్ట్జ్ షడ్జమానికి కీబోర్డు ఇచ్చే అంతర గాంధారం 277.2 హెర్ట్జ్, తంబూర ఇచ్చేది 275. గుండీ కొద్దిగా తిప్పితే అనలాగ్ ఆసిలేటర్ 275 దగ్గరా నిలుస్తుంది, ఆ మధ్యలో ఎక్కడైనా నిలుస్తుంది. హార్మోనియం మీద మన విద్వాంసులకున్న పాత ఫిర్యాదు కీబోర్డు మీద చెల్లుతుంది గానీ ఆసిలేటర్ మీద చెల్లదు.

అయితే ఇక్కడే భౌతిక శాస్త్రం తన వాటా అడుగుతుంది. వోల్టేజి సమాన మెట్లలో పెరుగుతుంటే పౌనఃపున్యం రెట్టింపవుతూ పోవాలి. ఆ పనికి ట్రాన్సిస్టర్ సహజ గుణాన్ని వాడుకుంటారు. గది ఉష్ణోగ్రతలో దాని బేస్ వోల్టేజి సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే విద్యుత్ ప్రవాహం రెట్టింపవుతుంది. చిక్కేమిటంటే ఆ 18 అన్న అంకె పరమ ఉష్ణోగ్రతకు అనులోమంగా మారుతుంది. 27 డిగ్రీల దగ్గర, అంటే 300 కెల్విన్ దగ్గర శ్రుతి చేసిన యంత్రం మూడు డిగ్రీలు వేడెక్కితే లెక్క ఒక శాతం తప్పుతుంది. ఒక శాతమే కదా అనిపిస్తుంది. మూడు స్థాయిల పైన వాయిస్తే ఆ తప్పు 36 సెంట్లు. సెంటు అంటే స్థాయిలో 1200వ వంతు. మన శాస్త్ర గ్రంథాల్లో అతి చిన్నదైన ప్రమాణ శ్రుతి 22 సెంట్లకు కొంచెం తక్కువ. అంటే మూడు డిగ్రీల వేడికే ఒక శ్రుతి దాటి పోయింది.

ఢిల్లీ వాతావరణానికి ఈ లెక్క వేసి చూస్తే తమాషాగా ఉంటుంది. జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీల్లో శ్రుతి చేసి, మే నెలలో 45 డిగ్రీల మధ్యాహ్నం వాయిస్తే, ఏ జాగ్రత్తా తీసుకోని యంత్రంలో ఒక స్థాయి వెడల్పు 1200 సెంట్ల నుంచి 1050కి కుదించుకుపోతుంది. తార షడ్జమం కోసం వేలు పెడితే కైశికి, కాకలి నిషాదాల మధ్య ఎక్కడో పలుకుతుంది.

నిజ యంత్రాలు అంత నిస్సహాయంగా ఉండవు. జంట ట్రాన్సిస్టర్లను పక్కపక్కన పెట్టి ఒకదాని తప్పును మరొకదానితో కొట్టేస్తారు. వేడితో పాటు విలువ పెరిగే ప్రత్యేక రెసిస్టర్‌ను కలుపుతారు. కొన్నింటిలో చిప్పునే ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచే చిన్న హీటరు ఉంటుంది. జూపిటర్-8లో స్వరానికి రెండు చొప్పున పదహారు ఆసిలేటర్లు. వాటన్నిటినీ సరిచేయడానికి ఆటో ట్యూన్ బొత్తాం పెట్టి, ఆ పనిని లోపలి మైక్రోప్రాసెసర్‌కు అప్పగించారు.

ఎంత సరిచేసినా కాస్త తేడా మిగులుతుంది. ఒక ఆసిలేటర్ 220, పక్కది 220.5 హెర్ట్జ్ దగ్గర ఉంటే రెండు సెకన్లకొకసారి ధ్వని మెల్లగా ఎగసి తగ్గుతుంది. ఇవే విస్పందనాలు. తంబూరలో సారణి తీగలు రెండింటినీ కలిపేటప్పుడు చెవి వెతికేదీ వీటినే. అనలాగ్ ధ్వని 'వెచ్చగా' ఉంటుందని అభిమానులు అంటుంటారు. ఆ మాటలో మంత్రమేమీ లేదు. ఈ చిన్న కదలికలు, ట్రాన్సిస్టర్లు పరిమితి దగ్గర తరంగాన్ని కొంచెం వంచడం, ఇంతే. ఇవన్నీ నేడు కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా చాలావరకు అనుకరిస్తున్నాయి.

చేత్తో చేసి చూడాలంటే పెద్ద ఖర్చు లేదు. ఢిల్లీ ఎర్రకోట ఎదుటి లాజ్‌పత్ రాయ్ మార్కెట్‌లో గానీ, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో గానీ 555 టైమర్ చిప్పు, రెండు రెసిస్టర్లు, కెపాసిటర్, చిన్న స్పీకరు, 9 వోల్టుల బ్యాటరీ దొరుకుతాయి. వాటితో దాదాపు చతురస్ర తరంగం పలుకుతుంది. ఒక రెసిస్టర్ బదులు తిప్పే వేరియబుల్ రెసిస్టర్ పెడితే స్వరం జారుతుంది.

చరణ్‌జిత్ సింగ్ 2015లో మరణించారు. అంతకు ముందు కొన్నేళ్లు విదేశీ వేదికల మీద ఇదే సంగీతం వాయించారు. ఆ రికార్డులో హిందుస్తానీ పేర్లు చూసి తెలుగు శ్రోత తికమక పడవచ్చు: అందులోని మాల్‌కౌంస్ మన హిందోళం, భూపాలీ మన మోహనం, యమన్ మన కల్యాణి, ఇక అక్కడి భైరవి స్వరాలు మన తోడివి. మాల్‌కౌంస్ వినేటప్పుడు మొదటిసారి 808 దెబ్బ ఒక్కటే పట్టుకోండి. రెండోసారి రాగాన్ని వదిలేసి, అడుగున పరుగెత్తే 303లో ఫిల్టర్ ఎక్కడ తెరుచుకుంటోందో వినండి. మూడోసారి పైన జూపిటర్-8 గాంధారం నుంచి మధ్యమానికి మెట్టు ఎక్కుతోందా, జారుతోందా చూడండి.